రెండు వందల లీటర్ల గిటారు పెట్టె

మా మామ, అంటే మా అమ్మకు పెద్దన్న, ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళలో గిటారు వాయించాడు. ఆయన వాయించడం చూసినవాళ్ళు వేలల్లో ఉంటారు. విన్నవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు.

పగలు ఆయన జార్జిటౌన్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. ముహూర్తాలున్న నెలల్లో సాయంత్రం పూట లైట్ మ్యూజిక్ ట్రూపులో గిటారిస్టు. రిసెప్షన్‌లో ట్రూపు పాడకపోతే పెళ్ళి చెల్లదని అప్పట్లో మా ఊళ్ళో ఒక గట్టి నమ్మకం. స్టేజీ మీద ఒక పక్క తబలా, ఇంకో పక్క డ్రమ్ముల ప్యాడు, నడుమ కీబోర్డు, ముందు ఇద్దరు గాయకులు. వీళ్ళందరి వెనకాల, డెకరేషన్ తెరకూ పెడస్టల్ ఫ్యానుకూ మధ్య మా మామ. ఆయన దగ్గరున్న చిన్న స్పీకరు పెట్టె చప్పుడు ఆ ఫ్యానును దాటి ఏనాడూ బయటికి రాలేదు. ఫొటోల్లో మాత్రం బాగా పడేవాడు.

మైలాపూరుకు వంతెనల మీద నడిచే కొత్త రైలు వేసిన రోజులవి. ఆ రైల్లో పెట్టెకు ముగ్గురు కూడా ఎక్కేవాళ్ళు కాదు, ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. మైలాపూరులో వంటింటి అరలూ ఆఫీసు బల్లలూ చేయించి అమ్మే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం నాది. అరలను కంప్యూటర్‌లో గీయడం నా పని. ఆరు నెలల కోర్సు చదివాను. ఆ ఆరు నెలల పుణ్యాన మా వీధిలో నాకు తెలియని శాస్త్రం లేదన్న పేరు వచ్చింది. పక్కింటివాళ్ళ మిక్సీ చెడిపోయినా నన్నే పిలిచేవాళ్ళు. నేనూ వెళ్ళి గంభీరంగా చూసి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున మామ ఇడ్లీ తింటూ అన్నాడు.

"పాపా, నువ్వు కంప్యూటర్‌లో బీరువాలు గీస్తావు గదా. నాకొక స్పీకరు పెట్టె గీసియ్యి."

"బీరువాకూ స్పీకరుకూ ఏం సంబంధం మామా?"

"రెండూ పెట్టెలే గదా. దాంట్లో చీరలు పెడతారు, దీంట్లో స్పీకరు పెడతాం. అంతే దాన్."

ఆ తర్కంలో నాకు లోపమేమీ కనబడలేదు.

"ఆ కీబోర్డువాడు ఒక బటను నొక్కితే గిటారు సౌండు వస్తాది. నేను నిజం గిటారు వాయిస్తే రాదు. ఎట్టుండాది చూడు అన్యాయం," అన్నాడు మామ. కీబోర్డు వాయించేది ట్రూపు లీడరే. అందుకే ఆ అన్యాయం గురించి మా వంటింట్లో తప్ప ఇంకెక్కడా మాట్లాడేవాడు కాదు.

మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో రేడియో సామాన్లు అమ్మే దుకాణాల్లో అడిగితే, స్పీకరు పెట్టెలకు కొలతలు కట్టే ప్రోగ్రామొకటి ఉందని ఒకాయన ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాను. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మీ స్పీకరు తనంతట తాను ఊగే వేగమెంత, దాని కోను ఎంత బిగువు, ఊగడం మొదలుపెడితే ఎంతలో ఆగుతుంది అని లెక్కల్లో అడిగింది. మళ్ళీ రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి స్పీకర్లమ్మే ఆయన్ని అడిగాను.

"నంబరా?" అన్నాడాయన. "పన్నెండు ఇంచీలు. నూరు వాట్సు. ఇంకేం నంబరు కావాలమ్మా? నా ఫోన్ నంబరు కావాలా?"

ఆ ప్రోగ్రాములోనే విదేశీ స్పీకర్ల పట్టిక ఒకటి ఉంది. అందులో పన్నెండంగుళాలది ఒకటి చూసి, అన్నీ ఒకటేలే అని దాన్నే ఎంచుకుని, రెండు కావాలని కొట్టాను. అది కార్ల డిక్కీలో పెట్టి కిటికీ అద్దాలు అదరగొట్టే రకమని నాకు తెలియదు. కనుక్కోవాలన్న ఆలోచన కూడా రాలేదు. కంప్యూటరు వచ్చినవాళ్ళకు అలాంటి ఆలోచనలు రావు.

జవాబు రెప్పపాటులో వచ్చింది. రెండు స్పీకర్లకు రెండు వందల లీటర్ల పెట్టె. ముందూ వెనకా ఎక్కడా గాలి దూరకుండా మూసేయాలి. లోపల దూది పెట్టాలి. ఇలా చేస్తే శబ్దం ఎలా ఉంటుందో ఒక గీత గీసి చూపించింది. ఆ గీత ఎంత సమంగా ఉందంటే, మా వీధిలో రోడ్డు వేసే కాంట్రాక్టరును పిలిచి చూపించాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నోరు తెరిచింది.

"రెండొందల లీటర్లా? మన నీళ్ళ డ్రమ్ము అంతే గదే. దాంట్లో ఏం పోస్తాడు మా అన్న?"

"ఏమీ పోయడమ్మా. లోపల ఉండేది గాలి."

"గాలికి ప్లైవుడ్డు దండగ. ఆ డ్రమ్మే తీసుకపొమ్మను. ఎట్లాగూ నీళ్ళు రాలే."

మా అమ్మకు శాస్త్రం తెలియదని జాలిపడి, నేను బొమ్మ గీయడం మొదలుపెట్టాను. నాకు గీయడం వచ్చింది బీరువాలే కాబట్టి ఆ పెట్టె కూడా చక్కగా బీరువాలాగే వచ్చింది. మూడడుగులకు పైగా ఎత్తు, రెండడుగుల వెడల్పు. లారీల్లో తీసుకెళ్ళేటప్పుడు స్పీకర్ల కాగితం చిరిగిపోకుండా ముందు ఒక తలుపు పెట్టాను. తలుపన్నాక పిడి ఉండాలి గదా అని పిడి పెట్టాను. పిడి ఉన్నాక తాళం లేకపోతే వెలితిగా ఉంటుందని తాళం పెట్టాను. మా ఆఫీసులో ఒక వంటిల్లు పూర్తయ్యాక మిగిలిపోయిన క్రీము రంగు సన్మైకా ఉంటే అడిగి తెచ్చి, పైన అది అతికించాలని రాశాను. ప్లాటరు మిషను తనే పెన్ను పట్టుకుని ఆ బొమ్మను గీస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

పెట్టె చేసింది వ్యాసర్పాడిలో ఒక వడ్రంగి మేస్త్రి. రైల్వే యార్డు గోడకు ఆనుకుని ఆయన షెడ్డు. మా కంపెనీకి కూడా పని చేసేవాడు. నా బొమ్మను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాపా, వెనకాల మూసినావే?"

"మూయాలి మేస్త్రీ."

"మా చర్చివాళ్ళ గిటారు పెట్టెలు నేనే గదా రిపేరు చేసేది. వాటికి వెనకాల సగం తెరిచే ఉంటాది."

"అవి పాతవి. ఇది కంప్యూటర్ చెప్పింది."

"అది యాడ పని నేర్చుకునింది?" అన్నాడు మేస్త్రి, వెటకారమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని.

నేను బొమ్మలో తాళం ఎక్కడ రావాలో చూపించాను.

మూడు వారాల్లో పెట్టె తయారైంది. రిచీ స్ట్రీట్‌లో కొన్న రెండు స్పీకర్లు బిగించి, లోపల బూరుగు దూది పరిచి మేకులు కొట్టి, వెనక పలకను స్క్రూలతో బిగించేశాడు. మామ గిటారు తెచ్చి షెడ్డులోనే వాయించి చూశాడు. గోడకవతల గూడ్సు వ్యాగన్లను ఒకదానికొకటి తగిలిస్తున్నారు. ఆ మోతలో మాకేమీ వినబడలేదు. బాగానే ఉందని ముగ్గురం ఒప్పుకున్నాం.

మొదటి కచేరీ ఎన్నూరులో ఒక పెళ్ళి రిసెప్షన్. నేను కూడా వెళ్ళాను, నా ఘనకార్యం నేను చూసుకోవద్దా. పెట్టెను టెంపోలోంచి దించి స్టేజీ ఎక్కించడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చింది. వాళ్ళలో ఒకడైన తబలా ఆయన నడుము పట్టుకుని ఆ సాయంత్రమంతా నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. మామ తాళం తీసి, తలుపు తెరిచి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

మొదటి పాట మొదలైంది. సన్న తీగలు మీటితే స్వరమే లేదు. ఎవరినో గాదెలో పెట్టి తాళం వేస్తే లోపల్నుంచి మూలుగుతున్నట్టు ఏదో వచ్చింది. లావు తీగ మీటితే మాత్రం భోజనాల హాల్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. రెండో పాట మధ్యలో లీడరు కీబోర్డు మీదినుంచి తల తిప్పి అడిగాడు.

"అన్నా, బయట లారీ ఏమన్నా నిలబడి ఉండాదా? ఇంజను ఆపమని చెప్పండన్నా."

మామ వాల్యూము తగ్గించుకున్నాడు. ఆ రోజు కూడా ఫొటోల్లో బాగా పడ్డాడు.

కచేరీ అయ్యాక పెట్టెను మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. పొద్దున్నే టెంపోతో వస్తామని చెప్పి, తలుపు మూసి తాళం వేసి, మంటపంలో సామాన్ల గది పక్కన పెట్టి వచ్చేశాం. పొద్దున మామ వెళితే పెట్టె లేదు. వాచ్‌మన్‌ను అడిగితే, పెళ్ళికూతురి సామాన్లన్నీ లారీకెత్తుకుని పోయారు, నాకేం తెలుసు అన్నాడు. మంచం, పరుపు, బీరువా, బిందెలు. వాటి మధ్య నా పెట్టె కూడా మర్యాదగా వెళ్ళిపోయిందని మాకు తట్టలేదు. ఎవరో దొంగ ఎత్తుకుపోయాడనుకున్నాం. దాన్ని ఎత్తగలిగిన దొంగ మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. మామ మాత్రం రెండు రోజులు సరిగ్గా తినలేదు.

మూడో రోజు పెళ్ళికూతురి తండ్రి నుంచి ట్రూపు లీడరుకు ఫోను వచ్చింది. పాపం ఆయన తల పట్టుకున్నాడు. వియ్యపురాలు ఫోను చేసి కడిగేసిందట. "ఫ్రిజ్జు ఇయ్యమని మేం అడిగినామా? అడగలే. మీరుగా ఇచ్చినారు. ఇచ్చినోళ్ళు వైరు లేకుండా, తాళంచెవి లేకుండా ఇస్తారా? మా చుట్టాలందరూ చూస్తా ఉండారు." తాము ఫ్రిజ్జు ఇవ్వలేదని ఆయనకు తెలుసు. ఏ చుట్టమో కానుకగా ఇచ్చాడేమోనని అందరికీ ఫోన్లు చేశాడు. ఆఖరికి స్టేజీ మీద క్రీము రంగులో ఏదో నిలబడి ఉండటం గుర్తొచ్చి లీడరుకు చేశాడు. లీడరు నవ్వాపుకోలేక ఫోను కింద పెట్టేశాడట. తర్వాత మామకు చెప్పాడు, మామ నాకు చెప్పాడు. నా బొమ్మను అర్థం చేసుకున్న మొట్టమొదటి మనిషి ఆ వియ్యపురాలే అనుకున్నాను. అప్పట్లో ఫ్రిజ్జులకు కూడా పిడీ తాళమూ ఉండేవి మరి.

ఆదివారం మేమిద్దరం టెంపో మాట్లాడుకుని ఎన్నూరు వెళ్ళాం. పెట్టె బతికుందో లేదో వాయించి చూడాలని మామ గిటారూ ఆంప్లిఫయరూ వెంట తెచ్చుకున్నాడు. లారీలు వరసగా పోయే రోడ్డు పక్కన వాళ్ళిల్లు. వసారాలో ఎండకు ఎండుచేపలు ఆరబెట్టి ఉన్నాయి. పెట్టె నట్టింట్లో ఉంది. దాని మీద క్రోషియా గుడ్డ పరిచి, ప్లాస్టిక్ పూల కుండీ కూడా పెట్టారు.

పెళ్ళికొడుకు తల్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇది స్పీకరా? ఎవురికి చెప్తా ఉండారు? తలుపుండాది, పిడుండాది."

"తలుపు నేనే పెట్టించానమ్మా," అన్నాను.

"ఎందుకు?"

స్పీకర్ల కాగితం చిరగకుండా అని చెబితే, ఆమె పిడి పట్టుకుని లాగి చూపించింది. 

తాళంచెవి లేక, ఆమె మెకానిక్కును పిలిపించి వెనక పలక ఊడదీయించిందట. లోపల చూస్తే దూది, దాని మధ్య రెండు ఇనప దిమ్మలు; అవి మోటార్లని మెకానిక్కు చెప్పాడట. "ఫ్రిజ్జులో ఎవురన్నా దూది పెడతారా? సరే, మంచి బూరుగు దూది గదా, వేస్టు చేసేదెందుకని రెండు దిండ్లు కుట్టేసినాను," అంది. కొత్త దంపతులకు ఆ దిండ్లే ఇచ్చిందట. వాటిని తిరిగి అడిగేంత ధైర్యం మాకు లేదు.

మామ తాళం తీసి తలుపు తెరిచి స్పీకర్లు చూపించాడు. ఆమె అప్పటికీ నమ్మలేదు. దాంతో మామ అక్కడే స్టూలు మీద కూర్చుని వైర్లు తగిలించాడు. వెనక పలక గోడకు ఆనించి ఉంది. దాన్ని బిగించే ఓపిక ఆయనకు లేదు. ఒక పాత సినిమా పాట పల్లవి మీటాడు.

ఇల్లంతా గిటారు నిండింది. నేను ఉలిక్కిపడ్డాను. సన్న తీగ ఒక్కొక్కటీ విడివిడిగా, తేటగా, ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు వినబడింది. శబ్దం ముందునుంచీ వచ్చింది, వెనక గోడకు తగిలి మళ్ళీ వచ్చింది. వంటింట్లోంచి పెళ్ళికూతురు చేతిలో గరిటెతో బయటికొచ్చింది. మామ చెయ్యి ఆగిపోయింది. తన గిటారును తాను అంత బిగ్గరగా వినడం ఆయనకూ అదే మొదటిసారి.

పెళ్ళికొడుకు తల్లి ముఖం మెత్తబడింది. "అట్టయితే ఆ పొద్దు పెళ్ళిలో వాయించింది మీరేనా అన్నా? మాకెవరికీ వినపడలేదే!"

"వెనకాల మూసి ఉండిందమ్మా," అన్నాడు మామ. అని నావైపు చూశాడు. అంతకంటే ఏమన్నా అని ఉంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసులో నేను ప్రోగ్రాము తెరిచి, వెనక పలక లేకుండా పెట్టె గీయమని అడిగాను. ఆ వీలు దాంట్లో లేదు. పోనీ అని లీటర్ల దగ్గర సున్నా కొట్టాను. ఏదో తప్పు జరిగిందని ఒక ముక్క చెప్పి, నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. అన్ని రోజులు కలిసి పనిచేశాం, అంతమాత్రం విశ్వాసం కూడా లేదు.

మొదటిదాన్ని మోసేవాళ్ళు లేరు కాబట్టి, దాని స్పీకర్లకే రెండో పెట్టె మేస్త్రి చెప్పినట్టు గీశాను. ఆయన చెబుతుంటే నేను గీశాను, అంతే. మొదటిదానిలో సగం కన్నా తక్కువ. తలుపు లేదు, తాళం లేదు. వెనక పైనా కిందా చెరొక పలక, మధ్యలో ఖాళీ. సన్మైకా బదులు నల్ల రెగ్జిన్.  బొమ్మ ప్లాటరులో గీయించి ఇస్తే మేస్త్రి, "ఇప్పుడు దానికి పని తెలిసినట్టుండాది," అని కంప్యూటర్‌ను మెచ్చుకున్నాడు.

తర్వాతి పెళ్ళి చూళైలో. ఆ రోజు మామ గిటారు హాలు చివరి వరుస దాకా వినబడింది. నాలుగు పాటలయ్యాక లీడరు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. చరణంలో మీరు వాయించేది వేరే పాటన్నా."

"ఎప్పుడూ వాయించేదే గదప్పా వాయిస్తా ఉండాను."

"ఎప్పుడూ ఇదేనా?" అన్నాడు లీడరు. అతని గొంతులో నిజంగానే భయం ఉంది.

ఇరవై ఏళ్ళుగా మామ చరణాలన్నింటికీ తనకు చేతనైన నాలుగు స్వరాలతోనే సరిపెట్టుకుంటున్నాడు. ఎవరికీ వినబడలేదు కాబట్టి ఎవరూ దిద్దలేదు. ఆయనకూ సరిగా వినబడలేదు. ఇంతకాలం ఆయన్ని కాపాడింది ఆ పెడస్టల్ ఫ్యాను.

ఇక మానేస్తాడనుకున్నాను. రెండు వారాలు మా ఇంటివైపు రాలేదు. అమ్మ నన్ను తిట్టింది. "సుమ్మా తన పాటికి తానున్న మనిషిని పెట్టె చేసి చెడగొట్టినావు," అంది. ఆ తర్వాత తెలిసింది, ఆయన ఇంట్లో కూర్చుని సాధన మొదలుపెట్టాడని. క్యాసెట్లు పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క చరణం నేర్చుకుంటున్నాడట, యాభై ఏళ్ళ వయసులో. ఆయన వాయించేది బాగా వినబడుతోందని మొట్టమొదట ఇంటి ఓనరే రాతపూర్వకంగా తెలియజేశాడు. అప్పుడు మామ పెట్టెను మిరపకాయల గోదాముకు మార్చాడు. ఆదివారాలు అక్కడ ఎవరూ ఉండరు. ఒకసారి చూడబోయాను. బస్తాల మధ్య ఆయన ఒక లైను వాయించడం, రెండు తుమ్ములు తుమ్మడం, కళ్ళు తుడుచుకుని మళ్ళీ అదే లైను. వాయించిన పది సార్లూ తప్పింది. నాకూ తుమ్ము రాబోతే బయటికి వచ్చేశాను.

ఆలోపు మేస్త్రికి వ్యాసర్పాడి, పెరంబూరు చర్చిల నుంచి అలాంటి పెట్టెలకే గిరాకీ వచ్చింది. బొమ్మ అడిగినవాళ్ళకు నా పేరు కూడా చెప్పేవాడు. నా పేరుతో ఆ చుట్టుపక్కల మోగుతున్న పెట్టెల్లో నా సొంత తెలివి ఒక్క అంగుళం కూడా లేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆ ఏడు చివర మైలాపూరులో మా ఆఫీసు దగ్గరే ఒక పెళ్ళి వచ్చింది. మామ రమ్మన్నాడు. పని ముగించుకుని వెళ్ళేసరికి ఆలస్యమై, నేరుగా భోజనాల హాలుకు వెళ్ళి ఆకు ముందు కూర్చున్నాను. మేడ మీద ఆఖరి పాట మొదలైంది. పల్లవి అయింది. పల్లవికీ చరణానికీ మధ్య కీబోర్డు ఆగింది, గిటారు ఒక్కటే మొదలైంది. నేను సాంబారు అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. గోదాములో తప్పిన లైను అదే. ఈసారి తప్పలేదు. చివరిదాకా వెళ్ళి, పాటను చక్కగా గాయకుడి చేతికిచ్చి తప్పుకుంది.

కచేరీ అయ్యాక మామ రుమాలుతో మెడ తుడుచుకుంటూ కిందికొచ్చాడు.

"ఎట్టుండింది?"

"ఈడిదాకా వినపడింది మామా."

"వినపడేదానికి పెట్టె ఉండాది. నేను అడిగింది అది కాదు."

"బాగా వాయించినావు మామా," అన్నాను.

ఎగతాళి చేస్తున్నానేమోనని నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూశాడు. తర్వాత నా పక్కన కూర్చుని ఆకు మీద నీళ్ళు చిలకరించి, వడ్డించేవాళ్ళను పిలిచాడు.